రెండు రాగి పోగులు

గూడ్సు షెడ్డు తాళం తీసేటప్పటికి ఉదయం ఎనిమిది దాటి ఐదు నిమిషాలు.

"మీరు మళ్ళా ఇంత దూరం రావాల్సిన పని లేదు సార్," అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రామలింగప్ప. "ఆ రోజు మీరు చెప్పిందే నేను రాసినా. అక్షరం మార్చలే."

డిటెక్టివ్ ఆనందం లోపలికి నడిచాడు. ఆ మాట నిజం.

తొమ్మిది రోజుల కిందట, మంగళవారం, ద్రోణాచలం నుంచి నంద్యాల పోయే పాసింజరులో ఆయన కూడా ఒక ప్రయాణికుడు. బేతంచెర్ల స్టేషను ఇంకా మైలున్నర ఉందనగా, బండల గనులకు పోయే బాట పట్టాలను దాటే చోట రైలు ఒక కారును గుద్ది ఆగింది. అక్కడ గేటు లేదు. కారు నడిపిన గనుల కాంట్రాక్టరు బసవన్న అక్కడికక్కడే పోయాడు. ముప్పై రెండేళ్ళవాడు. దిగి చూసిన జనంలో ఆనందం ఉన్నాడు. పాతికేళ్ళు సి.ఐ.డి.లో పనిచేసి రిటైరైన మనిషి, పైగా ఒకప్పటి తన పై అధికారి కాబట్టి, అప్పుడే పరుగున వచ్చిన రామలింగప్ప అభిప్రాయం అడిగాడు. రైలు కదలడానికి కూత పెడుతోంది. ఆనందం వేలాడుతున్న తీగలవైపు ఒకసారి చూసి, "అతుకు ఊడి ఇంజను ఆగిపోయినట్టుంది. కట్టినవాడికి పని రాదు" అనేసి మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే, కారుకు తీగలు కట్టిన లేవిని లాకప్పులో పెట్టారు.

మొన్న ఆదివారం లేవి భార్య విశ్వాసమ్మ కర్నూలులో ఆనందం ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఏడవలేదు. తిట్టలేదు. కొంగుముడి విప్పి జానెడు రాగి తీగ తీసి ఆయన చేతిలో పెట్టింది. రెండు ముక్కలను టంకం పెట్టి అతికిన తీగ. "మా ఇంటాయన ఏసిన అతుకు ఇది. లాగి చూడండి సార్," అంది. ఆయన లాగాడు. బలమంతా పెట్టి మళ్ళీ లాగాడు. తీగ ఇంకోచోట తెగింది. అతుకు తెగలేదు.

ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదు.

షెడ్డులో కారు తుక్కు ఒక పక్కకు ఒరిగి ఉంది. రెండు సీట్ల ఇంగ్లీషు స్పోర్ట్సు కారు, తయారై పదిహేనేళ్ళు దాటినది. దేశం వదిలిపోతున్న ఒక దొర దగ్గర బసవన్న కిందటి ఏడు కొన్నాడు. ఆనందం కోటు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం తీశాడు.

"శవం మీద ఏమేమి దొరికాయి?"

"గడియారం, ఉంగరం, చేతిరుమాలు, జేబులో చిన్న కత్తి. అన్నీ పంచనామాలో ఉండాయి."

"రైలు డ్రైవరు ఏమన్నాడు?"

"మలుపు తిరిగినాక చూసినాడంట. కారు పట్టాల మీద ఆగి ఉండాది. మనిషి కిందికి దిగి, ముందరి మూత ఎత్తి, లోపలికి వంగి నిలబడినాడు. కూత మీద కూత ఏసినా తల ఎత్తలేదంట."

"ఈ సంగతి ఊళ్ళో ఎవరికైనా తెలుసా?"

"తెలీదు. కోర్టులో చెప్పేదాకా నోరు ఇప్పద్దని డ్రైవరుకు చెప్పినా."

"ఆ బాటలో ఉన్న సున్నపు బట్టీని కారు ఎన్నింటికి దాటింది?"

"పదకొండు దాటి రెండు నిమిషాలకు. బట్టీ మేస్త్రి గడియారం చూసినాడు."

"బట్టీ నుంచి పట్టాలకు నాలుగు నిమిషాలు. అంటే పదకొండూ ఆరుకు బండి ఆగింది. రైలు గుద్దింది పదకొండూ పద్నాలుగుకు. నా గడియారంలో నేనే చూశాను. ఎనిమిది నిమిషాలు, రామలింగప్పా. చెవులు బాగున్న మనిషి ఎనిమిది నిమిషాలు పట్టాల మీద వంగి నిలబడతాడా?"

"రిపేరీ చేసుకుంటాండాడు. బండంటే పిచ్చి వానికి."

ఆనందం ఇంజను పక్కనున్న తీగల కట్టను చేతిలోకి తీసుకున్నాడు. ఊళ్ళో దాన్ని జడ అంటున్నారు. ఆ మాట సరిగ్గా ఉంది. బొటనవేలంత లావున ఒక్కటిగా బయల్దేరి, దీపాలకు కొన్ని, బ్యాటరీకి కొన్ని, ఇంజనుకు కొన్ని పాయలుగా విడిపోతుంది. ఒక్కో తీగ చుట్టూ నూలు అల్లిక. ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలియడానికి అల్లికలో ఒక్కో రంగు పోగు. అల్లికంతటికీ లక్క పూసి ఆరబెట్టారు. రైలు గుద్దినా ఆ జడలో ఒక్క పాయ కూడా ఊడిరాలేదు.

తెల్ల పోగు తీగ మాత్రం తెగి ఉంది. ఇంజనులో నిప్పు పుట్టించే కాయిలుకు బ్యాటరీ శక్తిని తీసుకుపోయే తీగ అదే. అతుకు దగ్గర తెగలేదు. అతుకుకు నాలుగు వేళ్ళ దూరంలో తెగింది.

ఆయన భూతద్దం కింద పోగులు లెక్కపెట్టాడు. తీగలో పద్నాలుగు సన్నని రాగి పోగులు. పన్నెండింటి కొసలు సమానంగా, కత్తిరించినట్టు ఉన్నాయి. రెండింటి కొసలు మాత్రం సాగి సాగి సూదిమొనల్లా అయ్యాయి.

"చూడు," అని అద్దం రామలింగప్ప చేతికిచ్చాడు. "పన్నెండు పోగులను ఎవరో కత్తిరించారు. మిగిలిన రెండూ బండి కుదుపులకు సాగి, పట్టాల మీద తెగిపోయాయి. నేను ఆ రోజు తప్పు చెప్పాను."

రామలింగప్ప చాలాసేపు చూశాడు.

"తప్పు చెప్పినా అని మీరు సుళువుగా అంటాండారు. నేను పై వాళ్ళకు ఏమని రాయాల? సరే. కత్తిరించినారే అనుకుందాం. కత్తిరించింది లేవి! అంతకు ముందు ఆదివారం బసవన్నతో పోట్లాడినాడు. స్టీరింగు పట్టుకొని బండి కదలనీకుండా అడ్డం నిలబడినాడు. పదిమంది చూసినారు. అప్పుడు అజాగ్రత్త కేసు. మీ పుణ్యాన ఇప్పుడు ఖూనీ కేసు."

ఆనందం మేలు చేద్దామని వచ్చి ఉచ్చు ఇంకా బిగించాడు.

"లేవిని చూడాలి," అన్నాడు.

*

లేవి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎండు కట్టెలా సన్నని మనిషి. యుద్ధకాలంలో బెంగుళూరు మిలిటరీ వర్కుషాపులో తీగల పని నేర్చుకున్నాడు. వేళ్ళ మీద టంకం కాలిన మచ్చలు.

"నా మాట వల్ల నువ్విక్కడున్నావు, లేవీ," అన్నాడు ఆనందం.

"మీరు రైల్లో పోయే మనుషులు సార్. మీకేం తెలుస్తాది," అన్నాడు లేవి. కోపంగా అనలేదు. అందుకే ఆనందం తల వంచుకున్నాడు.

"ఆ జడ ఎట్లా కట్టావో చెప్పు."

లేవి కళ్ళల్లోకి కొంచెం ప్రాణం వచ్చింది. "పాతది పట్టుకుంటే పొడైపోతాండె సార్. రబ్బరంతా మాడిపోయింది, నూలు ఎలుకలు కొట్టినాయి. కొత్త వైరు మద్రాసులో గూడా దొరకలే. పాత జడను ముక్క కాకుండా ఊడదీసి, బసవన్నా వాళ్ళక్కా ఉండే ఇంట్లో నేల బండల మీద పరిచి, చుట్టూ ఎర్రమన్ను జాజుతో గీసినా. ఏ పాయ యాడ చీలుతుందో, ఎన్ని జానలో, అంతా ఆ గీత మీదే. మిలిటరీ వాళ్ళు వేలమేసిన వైరు తెచ్చినా. మగ్గం నేసే మద్దమ్మక్క నూలు అల్లింది. నలభై ఒక్క దినం సార్. తాళం తిప్పంగానే ఇంజను మోగింది. బసవన్న నన్ను ఎత్తుకొని తిప్పినాడు."

"మరి ఆదివారం ఎందుకు పోట్లాడారు?"

లేవి గోడవైపు తిరిగాడు.

"తీగలో పన్నెండు పోగులు ఎవరో కత్తిరించారు, లేవీ. రెండే వదిలారు."

లేవి ఉలిక్కిపడి లేచాడు. "తెల్లదా?"

"తెల్లదని నేను చెప్పలేదే!"

రామలింగప్ప ముందుకు వచ్చాడు. "విన్నారా సార్? వాని నోటితోనే వచ్చింది."

"ఆగు. ఇంజను ఆగిందంటే తెల్లదే అని పని తెలిసినవాడెవడికైనా తెలుస్తుంది." ఆనందం లేవి ముఖంలోకి చూశాడు. "కానీ నువ్వు ఇంకేదో తలుచుకుని అడిగావు. ఆ తీగ ఎవరికి చూపించావు?"

లేవి కిందికి జారి కూర్చున్నాడు. "నేనే కత్తిరించినా అని రాసుకోండి."

"అయితే చెప్పు. రెండు పోగులు ఎందుకు మిగిల్చావు?"

"రాసుకోండి అంటాండా గదా సార్," అన్నాడు లేవి.

బయటికి వచ్చాక ఆనందం అన్నాడు. "పని తెలిసినవాడు తీగ కొయ్యడు, రామలింగప్పా. స్క్రూ వదులు చేస్తే చాలు, ఎవరికీ అనుమానం రాదు. అతనికి పని తెలుసు. కత్తిరించినవాళ్ళకు తెలియదు."

"పని రాని మనిషి అని నాతో అన్నది మీరే, పనిమంతుడు అంటాండేది మీరే," అన్నాడు రామలింగప్ప. "ఏది రాసుకోమంటారు?"

ఆనందం జేబులోంచి కాగితం మడత విప్పి చూపించాడు. తెగినచోట తీగ మీది అల్లికను ఎవరో చీల్చి, లోపల పోగులు కత్తిరించి, మళ్ళీ పైన తెల్లదారం చుట్టారు. ఆ దారానికి లక్క లేదు. ఒక కొస ముడి గట్టిగా ఉంది. రెండో కొస దగ్గర చుట్టలు వదులై ఉన్నాయి, దారం కొంత పోయింది. మిగిలిన చుట్టను ముడితో సహా ఆయన జాగ్రత్తగా తీసి తెచ్చాడు.

"ఈ ముడి ఎవరిదో అడుగుదాం పద."

*

మద్దమ్మ మగ్గం గుంతలోంచే కాగితం అందుకుంది. దారాన్ని వెలుతురుకు పట్టి చూసి, వేలికొసతో ముడిని తడిమింది.

"ఇది నేను ఏసింది కాదు సారూ. నేను ఏసినవి అన్నీ లక్కలో ముంచినా. ఇది ఉత్త నూలు."

"నేత పని వచ్చినవాళ్ళు వేసిందేనా?"

"అయ్యో, మగ్గం మీద ఏండ్లకేండ్లు కూచున్న చెయ్యి సారూ ఇది. తెగిన పోగు అతికే ముడి. రెండు కొసలూ అణగదొక్కి, వేలికి తగలకుండా నలిపినారు. మా అవ్వ ఇట్లే ఏసేది. ఈ కాలం పిల్లోళ్ళకు యాడ వస్తాది?"

"ఈ ఊళ్ళో ఇంకెవరికి వస్తుంది?"

"ఈడ మగ్గాలు ఉండేది మా యిండ్లు రెండే. మా వదినకు కండ్లు కనపడవు. ఇంగ..."

ఆమె ఆగిపోయింది. కాగితం మడిచి వెనక్కి ఇచ్చేసింది.

"చెప్పమ్మా," అన్నాడు రామలింగప్ప.

"నాకేం తెలీదప్పా. నన్నేం అడగొద్దు."

"లేవి మీద ఖూనీ కేసు పెడుతున్నారమ్మా," అన్నాడు ఆనందం. "నువ్వు చెప్పకపోతే అతన్ని ఉరితీస్తారు."

మద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బండల పనిలోకి పోకముందు వాళ్ళూ మగ్గపోళ్ళే గదా సారూ," అంది. "వాళ్ళమ్మ పోయినాక ఆయక్కే నేసి, ఆ పిల్లోన్ని సాకింది."

ఇద్దరు మగవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయక్క అంటే సుబ్బక్క. బసవన్న అక్క.

*

సుబ్బక్క వాళ్ళను చూడగానే చాప వేసింది. యాభై దాటిన మనిషి. తమ్ముడి కోసమని పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా అతన్ని పెంచిందని ఊరంతా చెప్పుకుంటారు. గదిలో నల్లటి నేల బండల మీద జాజు గీతలు ఇంకా ఉన్నాయి. ఒక లావు గీత, దాన్నుంచి చీలిన పాయలు, పక్కన లేవి వేసిన అంకెలు. ఆ ఒక్క మేర తప్ప మిగిలిన నేలంతా కడిగి ఉంది.

ఆనందం కాగితం విప్పి ఆమె ముందు పెట్టాడు.

ఆమె దాన్ని ముట్టుకోలేదు. "లేవిని ఇడిసిపెట్టండి," అంది. "మీరు ఈ దినమన్నా వస్తారా అని తొమ్మిది దినాలు కాచుకున్నా. నేనే రావాల్సింది. కాళ్ళు రాలే."

"ఎప్పుడు కత్తిరించావమ్మా?"

"ఆ మంగళారం పొద్దున. ఆరున్నరకు వాడు నీళ్ళు పోసుకుంటాండాడు. ఏడు లోపల అయిపోయింది."

"ఎందుకు?" అన్నాడు రామలింగప్ప. గొంతు కరుగ్గానే ఉంది, కానీ టోపీ తీసి పక్కన పెట్టాడు.

"వానికి మూర్ఛ ఉండాది సారూ. కిందపడి కొట్టుకునేది కాదు. కండ్లు తెరిచే ఉంటాయి, మనిషి ఉండడు. అన్నం ముద్ద చేతిలో పట్టుకొని అట్లే కూచుంటాడు. పిలిస్తే పలకడు. కాసేపటికి ఏమీ తెలీనట్టు తింటాడు. రెండేండ్లైంది. ఎవరికీ చెప్పనీలే. నలుగురికీ తెలిస్తే గనుల్లో కూలోళ్ళు లెక్కచేయరంటాడు." ఆమె గోడవైపు చూసింది. "ఆ బండిని కొన్నప్పటి నుండి వద్దంటానే ఉండా. కాళ్ళు పట్టుకున్నా. కడపలో ఎవరో స్నేహితునితో పందెమంట, నంద్యాల నుండి కడపకు రెండు గంటల్లో పోతానని. అంత జోరులో ఆ మూర్ఛ వస్తే?"

"లేవికి చెప్పావు."

"చెప్పినా. ఒట్టు ఏపించుకున్నా. ఆ ఆదివారం పాపం అడ్డం పడింది అందుకే. వాడు ఇంత మాట అన్నా లేవి నోరు ఇప్పలే. అంతకు ముందు జడ కట్టేటప్పుడు ఒకసారి ఊరికే అడిగినా, 'ఏది పీకితే ఇది పడుకుంటాది లేవీ' అని. నవ్వి, 'ఈ తెల్లదేనక్కా' అని చూపించినాడు. ఈ గీత మీదే." ఆమె వేలు జాజు గీత మీద ఒకచోట ఆగింది.

"అంతా కోసేయకుండా రెండు పోగులు ఎందుకు ఉంచావమ్మా?" అన్నాడు ఆనందం.

"అంతా కోస్తే వాడు మూత ఎత్తగానే చూస్తాడు. అక్క కోసిందని తెలిసిపోతాది. దానంతట అదే తెగినట్టు ఉండాల. తాళం తిప్పి బండి అదరంగానే వాకిట్లోనే తెగుతాది, వాడు తిట్టుకొని లోపలికొచ్చి కూచుంటాడు అనుకున్నా." ఆమె మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసింది. "నూలు తెలిసినదాన్ని సారూ. పద్నాలుగు పోగుల్లో పన్నెండు పోతే రెండు యాడ నిలుస్తాయి? వాడు తాళం తిప్పినాడు. బండి మోగింది. నా ముందరే పోయింది. అరవాలని నోరు తెరిచినా, మాట రాలే. ఇంగో పది గజాలు పోతే ఆగుతాది, ఇంగో పది గజాలు పోతే ఆగుతాది అని చూస్తా నిలబడినా. రాగి గదా. నిలిచింది."

రామలింగప్ప లేచి, గుమ్మంలో ఉన్న కానిస్టేబులుకు చీటీ రాసిచ్చాడు. లేవిని వెంటనే వదలమని. తర్వాత, "అమ్మా, నీ వాఙ్మూలం మేజిస్ట్రేటు ముందర చెప్పాల. తయారై రా," అన్నాడు. ఆమె తల ఊపి లోపలి గదిలోకి పోయింది.

*

వరండాలో రామలింగప్ప మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు.

"సార్. ఒకటి పంచనామాలో రాయలే."

"ఏమిటి?"

"శవం పిడికిట్లో ఇది ఉండె. ఉత్త దారమే గదా అని..." నోటుబుక్కులోంచి మడిచిన కాగితం తీశాడు. అందులో జానెడు తెల్లదారం, ఒకచోట గోధుమరంగు మరక.

ఆనందం దాన్ని చూసి కళ్ళు మూసుకున్నాడు. తీగ మీద ఒక కొసన పోయిన దారం ఇదే, రైలు గుద్దినప్పుడు తెగి పిడికిట్లో ఉండిపోయింది. బసవన్న బండి దిగాడు. మూత ఎత్తాడు. తెల్ల తీగ దగ్గరికే పోయాడు. కొత్తగా చుట్టిన దారం చూశాడు. ఆ తర్వాత అతన్ని మూర్ఛ కమ్మిందో, ఆ దారమే అతన్ని అక్కడ కట్టేసిందో చెప్పగలవాళ్ళు ఇక ఎవరూ లేరు.

"ఇది ఆమెకు చూపించొద్దు," అన్నాడు.

"నేనూ అదే అనుకుంటాండా సార్."

ఆ పొద్దుటి నుంచి వాళ్ళిద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అది.

సుబ్బక్క ఉతికిన చీర కట్టుకుని బయటికి వచ్చింది. తలుపు దగ్గరికి లాగింది, తాళం వెయ్యలేదు. మెట్ల దగ్గర ఆగింది.

"బండి ఆగినాక వాడు దిగినాడా సారూ?"

"దిగలేదమ్మా," అన్నాడు రామలింగప్ప వెంటనే. "కూచున్న జాగాలోనే మూర్ఛ వచ్చింది. ఏమీ తెలీకుండానే పోయినాడు."

ఆమె అతన్ని పట్టించుకోకుండా ఆనందం వైపు తిరిగింది. "ఆ రైల్లో మీరు ఉండారంట గదా. మీరు చెప్పండి."

"సీట్లోనే ఉన్నాడమ్మా," అన్నాడు ఆనందం.

సుబ్బక్క ఆయన్ను జాలిగా చూసింది.

"సైకిలు గంట వదులైనా వీధిలోనే కూచొని బిగించుకునే పిల్లోడు వాడు. బండి ఆగితే సీట్లో కూచుంటాడా?"

రామలింగప్ప చెయ్యి తనకు తెలియకుండానే నోటుబుక్కును వెనక్కి దాచింది. ఆమె అది చూసింది. అరచెయ్యి చాపింది. అతను ఆనందం వైపు చూశాడు. రామలింగప్ప కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె దారాన్ని రెండు చేతులతో ఎత్తి, ఆ కొస నుంచి ఈ కొస దాకా వేళ్ళ మధ్య జార్చి చూసింది. ఒకచోట నలిగి వంకరపోయిన గుర్తు దగ్గర ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"ముడి తెంపలేదు," అంది.

"అంటే ఏమమ్మా?" అన్నాడు రామలింగప్ప.

"ఈ ముడి లాగితే ఇంగా బిగుస్తాది. విప్పే మర్మం వానికి ఆరేండ్లప్పుడు నా ఒళ్ళో కూచోబెట్టుకొని నేర్పించినా. జేబులో కత్తి ఉంటాది వానికి, ఎప్పుడూ. కోసేసి, తీగ కలిపి, బండి తీసుకొని పోయుండొచ్చు." ఆమె మెట్టు మీద మెల్లగా కూర్చుంది. "నా చెయ్యి అని గుర్తుపట్టినాడు సారూ. పట్టాల మీద నిలబడి, నా ముడి విప్పుకుంటా ఉన్నాడు."